మీ స్థలం పటంలో ఎక్కడుంది?



పట్నంలో రెండు వందల గజాల స్థలం కొనాలంటే మనవాళ్ళు ఎంత జాగ్రత్త పడతారో అందరికీ తెలిసిందే. ముప్పై ఏళ్ళ లింకు డాక్యుమెంట్లు తీయిస్తారు. ఈసీ తెప్పిస్తారు. తెలిసిన లాయరుగారికి చూపించి సరేననిపించుకుంటారు. ఈశాన్యం పెరిగిందో తగ్గిందో టేపు పెట్టి కొలిపిస్తారు. ఇన్ని చేసినవాళ్ళలో సర్వే కార్యాలయం మెట్లెక్కి, ఆ స్థలం ఉన్న బ్లాకు పటం నకలు కావాలని అడిగేవాళ్ళు బహు తక్కువ. అమ్మేవాళ్ళు చేతిలో పెట్టిన లేఅవుటు ప్లాను చూసి, పటం చూసేశామనుకుంటారు. లేఅవుటు వెంచరు వేసినవాళ్ళు గీయించుకున్నది. దాని కింద సర్కారు పటం ఒకటి ఉంటుంది. ఇంటి ప్లాను మంజూరు కావాలన్నా, రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఎవరికెంత పరిహారం రావాలన్నా, చెరువు హద్దు ఎక్కడిదాకా అని తేల్చాలన్నా, చివరికి అధికారులు తెరిచి చూసేది ఆ పటాన్నే.

ఆ పటంలో తప్పులుంటాయి. మనుషులు కొలిచి, మనుషులు గీసి, మనుషులు నకలు తీసిన దానిలో తప్పులుండటం వింతేమీ కాదు. ఈ పూట నేను చెప్పదలచుకున్నది ఆ తప్పు దిద్దించుకునే అదను గురించి. అదనులో పట్టుకుంటే ఒక అర్జీతో పోతుంది. అదను దాటితే ఆ తప్పే చట్టం దృష్టిలో నిజమై కూర్చుంటుంది. అది తెలియక నలిగిపోయిన కుటుంబాలను చూసి చూసి ఈ మాటలు చెబుతున్నాను.

మన పట్నాలకు మొదటి నుంచీ ఒకే పటం లేదు. హైదరాబాదు సంగతే చూడండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వచ్చి ఊరిని ముంచెత్తిన తర్వాత, 1912 నుంచి 1915 వరకు లెనార్డ్ మన్ అనే అధికారి నగరాన్ని గల్లీ గల్లీ కొలిపించి పటాలు గీయించారు. ఏ బావి ఎక్కడుండేదో, ఏ సందు ఎటు తిరిగేదో ఆ షీట్లలో ఇవాళ్టికీ కనిపిస్తుంది. ఆ తర్వాత 1960లలో మొదలై 70లలోకి సాగిన టౌన్ సర్వే వచ్చింది. దాని నుంచి పుట్టిందే టీఎస్‌ఎల్‌ఆర్ అని అందరూ పిలిచే టౌన్ సర్వే ల్యాండ్ రిజిస్టరు. వార్డు, బ్లాకు, టౌన్ సర్వే నంబరు అని మనం రాసేవన్నీ దానిలోవే. అయితే అది పాత మున్సిపల్ కార్పొరేషన్ మేరకే. 2007 ఏప్రిల్‌లో చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలను, ఎనిమిది గ్రామపంచాయతీలను కలిపి గ్రేటర్ హైదరాబాదు చేశారు. పేరు మహానగరమైంది గానీ అక్కడి నేల మాత్రం పల్లెటూరి సర్వే నంబర్ల మీదే నడుస్తోంది. పన్నెండంతస్తుల అపార్టుమెంటు కింద ఉన్న కాగితం నిజాం కాలంలో జొన్నచేనుకు గీసిన టిప్పన్ అనే కొలతల స్కెచ్. దాని కొలతలు ఎకరాలు, గుంటలు. ఆంధ్ర వైపు విజయవాడ, గుంటూరు, విశాఖ అంచుల్లోనూ ఇదే పరిస్థితి. కాకపోతే అక్కడ టిప్పన్ బదులు ఫీల్డ్ మెజర్మెంట్ బుక్ అనే ఎఫ్‌ఎంబీ, గుంటల బదులు సెంట్లు.

వీటన్నిటికంటే చిక్కయినది గ్రామకంఠం. పూర్వం సర్వే చేసినవాళ్ళు పొలాలను ఒక్కొక్క మడిగా కొలిచారు, ఎందుకంటే శిస్తు పొలం మీద వస్తుంది. జనం ఇళ్ళు కట్టుకున్న చోటును మాత్రం చుట్టూ ఒక గీత గీసి, దానికి ఒకే నంబరు వేసి వదిలేశారు. లోపల ఎవరిల్లు ఎంత, ఎవరి దొడ్డి ఎక్కడిదాకా అన్నది పటంలో లేనే లేదు. ఆ ఊరు పట్నంలో కలిసిపోయి, గజం వేలల్లోకి, లక్షల్లోకి చేరిన తర్వాత కూడా ఆ గీత లోపల తెల్లకాగితమే. ఎవరూ తప్పు గీయలేదు నిజమే. కానీ ఏమీ గీయకపోవడం కూడా తప్పే. అక్కడ నాలుగు తరాలుగా కాపురముంటున్న వాళ్ళకు బ్యాంకు అప్పు ఇవ్వదు, ప్లాను రాదు. దేశమంతటా పల్లెల్లో ఈ ఖాళీని నింపాలనే 2020లో స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో ఇళ్ళ స్థలాల సర్వే మొదలుపెట్టారు. అప్పటికే పట్నాల కడుపులోకి వెళ్ళిపోయిన గ్రామకంఠాలకు ఆ పథకం ఊతం అందలేదు.

ఇక తప్పులు ఎలా చొరబడతాయో చెబుతాను. ఆంధ్ర ప్రాంతంలో సర్వే గొలుసు పొడవు 66 అడుగులు, వంద లింకులు. తెలంగాణలో 33 అడుగులు, పదహారు అణాలు. ఇనుప కడియాలతో చేసిన గొలుసు కదా, ఏళ్ళ తరబడి ముళ్ళలో, రాళ్ళలో ఈడ్చితే కడియాలు అరిగి సాగుతుంది. వంద లింకుల గొలుసు ఒక్క లింకు మేర సాగిందనుకోండి. పొడవులో నూటికి ఒకటి తగ్గి నమోదవుతుంది. విస్తీర్ణంలో అది నూటికి రెండవుతుంది. ఎకరానికి 4,840 గజాలు గనక ఇంచుమించు 97 గజాలు కాగితం మీద కనపడకుండా పోతాయి. చేనుకైతే ఎవరూ పట్టించుకోలేదు. ఇవాళ 97 గజాలంటే ఒక చిన్న ఇల్లు. అందుకే రోజూ గొలుసును సరిచూసుకుని గానీ పొలంలో దిగకూడదని పాత సర్వేయర్లకు కట్టడి ఉండేది.

గీత మందం సంగతి ఇంకా తక్కువ మందికి తెలుసు. పాత గ్రామపటం పదహారు అంగుళాలు ఒక మైలు లెక్కన గీసింది. ఆ కొలబద్ద మీద అర మిల్లీమీటరు గీత అంటే నేల మీద దాదాపు రెండు మీటర్లు. ఊరి పొలిమేర ఎటు పోతుందో, చెరువు ఎక్కడుందో చూపించడానికి ఆ పటం చక్కగా సరిపోతుంది. ఇద్దరి మధ్య ప్రహరీగోడ ఎక్కడ కట్టాలో అది చెప్పలేదు. అయినా గ్రామపటాన్ని కంప్యూటరులో పెద్దది చేసి, ఉపగ్రహ చిత్రం మీద పరిచి, నీ గోడ రోడ్డులో ఉందని నోటీసు ఇవ్వడం నేను చూశాను. గొలుసుతో గీసిన పటానికి అక్షాంశ రేఖాంశాలుండవు. తెలిసిన రాళ్ళను, మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే చోటును పట్టుకుని చిత్రం మీద అమర్చాలి. పట్టుకున్న రాయి తప్పయితే బ్లాకు మొత్తం పక్కకు జరుగుతుంది. చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) గీతలు వివాదంలో పడటానికి ఒక కారణం ఇదే. నీటిమట్టం లెక్క సరిగ్గానే ఉండొచ్చు. దాన్ని సర్వే నంబర్ల మీద పరిచినప్పుడు కింద ఉన్న పటం జరిగి ఉంటే, చెరువు స్థలం బయటికి, బయటి ఇల్లు చెరువులోకి వెళతాయి.

నా కళ్ళముందు జరిగిన ఒక సంగతి చెప్పాలి. కోస్తాలో ఒక పాత పట్నం. అక్కడ టౌన్ సర్వే స్వాతంత్ర్యానికి ముందే జరిగింది. వీధి మీద ఒక ఇల్లు, దాని వెనకాల ఇంకో ఇల్లు. వెనకింటికి దారి పక్కనున్న సన్నటి సందు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ అందరూ నడుస్తున్న సందు. వెనకింటివాళ్ళు పెంకుటిల్లు పడగొట్టి డాబా వేసుకుందామని ప్లానుకు పెట్టారు. పటంలో మీ ఇంటికి దారి లేదని తిప్పి పంపారు. పటంలో ఆ సందు ముందింటి నంబరులో కలిసిపోయి ఉంది. ముందింటి పెద్దాయన మంచివాడు, సందు ఉన్నమాట వాస్తవమేనని రాసిస్తానన్నాడు. ఆయన కొడుకు మాత్రం అప్పటికే ఇల్లు బేరం పెట్టాడు. కొనేవాళ్ళు పటం ప్రకారం కొలుచుకుంటామన్నారు.

విషయం తేల్చడానికి వచ్చిన సర్వేయరు ఓపికగల మనిషి. రికార్డు గదిలోంచి అసలు కొలతల పుస్తకం వెతికి తీశాడు. పేజీ మధ్యలో వీధి పొడుగునా వేసిన ఆధారరేఖ, దానికి ఇరుపక్కలా పెన్సిలుతో అంకెలు. నలభై ఒకటో లింకు దగ్గర ఒక గోడ. నలభై ఆరో లింకు దగ్గర ఇంకో గోడ. మధ్య అయిదు లింకులు, అంటే మూడడుగుల మూడంగుళాల పైచిలుకు. అదే సందు. గొలుసు లాగినవాడు దాన్ని చూశాడు, కొలిచాడు, రాసుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత నలిగి చిరిగిన పటాన్ని ట్రేసింగు కాగితం మీద మళ్ళీ ఎక్కించినప్పుడు ఒక గీత జారిపోయింది. ఆధారరేఖ ఒక కొస గుడి మండపం మూల. రెండో కొస రాయి కనిపించలేదు. మురుగుకాలవ మీది పలక లేపించి చూస్తే, బురదలో గొడ్డలి గుర్తు చెక్కిన రాయి అలాగే ఉంది. అక్కడినుంచి కొత్త టేపు లాగితే అంకెలు పాత పుస్తకంతో కలిశాయి. రెండు కుటుంబాలూ వాంగ్మూలం ఇచ్చాయి. గీత మళ్ళీ పటంలోకి వచ్చింది.

ఆ పెన్సిలు అంకెలే దొరక్కపోయి ఉంటే ఏమయ్యేది? కోర్టు, కమిషనరు, సాక్షులు, వాయిదాలు. అందుకే పదే పదే అడుగుతున్నాను: పటాలను స్కాన్ చేయిస్తున్న ప్రభుత్వాలు వాటితోపాటు కొలతల పుస్తకాలను కూడా స్కాన్ చేయించాలి. పటం ఆ పుస్తకానికి బొమ్మ మాత్రమే. మీరు కూడా నకలుకు అర్జీ పెట్టేటప్పుడు పటం ఒక్కటే కాకుండా కొలతల స్కెచ్ నకలు కూడా ఇమ్మని రాయండి.

ఇప్పుడు అదను సంగతి. మన రెండు రాష్ట్రాల్లోనూ హద్దుల కొలతకు ఆధారం 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం. మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టింది, 1958లో తెలంగాణకూ వర్తింపజేశారు. ఆ చట్టంలో ఆరో సెక్షన్ ప్రకారం, ఫలానా చోట సర్వే చేయబోతున్నాం, సంబంధం ఉన్నవాళ్ళు స్వయంగా గానీ తమ తరఫు మనిషి ద్వారా గానీ హాజరు కమ్మని అధికారి ప్రకటన ఇవ్వాలి. ఆ ప్రకటన వెలువడితే అందరికీ తెలిసినట్టే లెక్క. మీకు నిజంగా తెలిసిందా లేదా అని చట్టం అడగదు. హద్దు మీద తగాదా ఉంటే అధికారి విచారించి, కారణాలతో నిర్ణయం రాయాలి. అది నచ్చకపోతే నోటీసు అందిన మూడు నెలల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. అన్నీ అయ్యాక పదమూడో సెక్షన్ కింద సర్వే పూర్తయిందని జిల్లా గెజిటులో ప్రకటిస్తారు. ఆ రోజు నుంచి, ఆ రికార్డులోని హద్దులు సరైనవేననడానికి ఆ రికార్డే తిరుగులేని రుజువు. దాన్ని మార్చాలంటే సివిల్ కోర్టు డిక్రీ కావాలి. ఆ దావా వేయడానికి మూడేళ్ళు గడువు.

మూడు నెలలు, మూడేళ్ళు. ఈ రెండు గడువులూ గుర్తుపెట్టుకోండి. గెజిటు చదివే అలవాటు మనలో ఎవరికుంది? అమ్మబోయేటప్పుడో, అన్నదమ్ములు పంచుకునేటప్పుడో పటం చూస్తాం. అప్పటికి గడువు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఒక ఊరట ఏమిటంటే, సర్వే రికార్డు హద్దును చెబుతుందే గానీ యాజమాన్యాన్ని ఇవ్వదు, తీసెయ్యదు. ఈ మాట న్యాయస్థానాలు ఎన్నోసార్లు చెప్పాయి. రిజిస్టరులో పేరు పడనంత మాత్రాన ఇల్లు మీది కాకుండా పోదు. కానీ అది రుజువు చేసుకునే బరువు మీ నెత్తిన పడుతుంది.

తప్పు ఏ రకందో తెలిస్తే ఏ గుమ్మం తొక్కాలో తెలుస్తుంది. నకలు తీయడంలో, అంకె వేయడంలో, పేరు రాయడంలో జరిగిన పొరపాటయితే పాత రికార్డు చూపించి సర్వే శాఖలోనే దిద్దించుకోవచ్చు. హద్దు నేల మీద ఎక్కడుందో చూపించమని కోరాలంటే ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్-లైన్ పిటిషన్ పెడతారు, సర్వేయరు వచ్చి కొలిచి రాయి చూపిస్తాడు. పొరుగువారితో హద్దు తగాదా ఉండి, గడువు కూడా దాటితే కోర్టే దిక్కు. ఈ తేడా తెలియక, కోర్టులో తేలాల్సిన దానికోసం ఏళ్ళ తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగి, ఉన్న గడువు కూడా పోగొట్టుకునేవాళ్ళే ఎక్కువ.

రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా బాధ కూడా చాలావరకు పటం నుంచే వస్తుంది. రిజిస్ట్రేషన్ చట్టంలో 22ఏ సెక్షన్‌ను ఉమ్మడి రాష్ట్రంలో 2007లో సవరణ ద్వారా తెచ్చారు. ఉద్దేశం మంచిది, సర్కారు భూములను ఎవరూ అమ్ముకోకుండా ఆపడం. ఒక సర్వే నంబరులో కొంత భాగమే సర్కారుదయినా, ఆ భాగాన్ని విడదీసి సబ్‌డివిజన్ గీయకపోతే నంబరు మొత్తం జాబితాకెక్కుతుంది. ఆ నంబరులో పాతికేళ్ళ కిందట ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న గుమాస్తా, పిల్ల పెళ్ళికి అమ్ముకోబోతే రిజిస్ట్రేషన్ ఆగిపోతుంది. ఆయన చేసిన నేరం ఏమీ లేదు. ఎవరో గీయవలసిన గీత గీయలేదు, అంతే. ఇలాంటి చోట్ల దరఖాస్తు కోసం ఎదురుచూడకుండా సర్కారే ముందుకొచ్చి సబ్‌డివిజన్ చేయాలి. అది దయ కింద లెక్క కాదు, బాధ్యత.

ఇప్పుడు కొత్త అదను వచ్చింది. అందుకే ఈ ప్రసంగం ఇప్పుడు చేస్తున్నాను. 2025 ఫిబ్రవరి 18న కేంద్రం నక్ష అనే కార్యక్రమం మొదలుపెట్టింది. దేశంలో 152 పట్టణాలను ప్రయోగాత్మకంగా ఎంచుకున్నారు. మన రెండు రాష్ట్రాల పట్టణాలూ వాటిలో ఉన్నాయి. విమానాలతో, డ్రోన్లతో పైనుంచి ఫొటోలు తీసి, తర్వాత నేల మీద ఇల్లిల్లూ సరిచూసి, ముసాయిదా పటం ప్రకటించి, అభ్యంతరాలు తీసుకుని, ఆఖరి పటం తయారు చేస్తారు.

సెంటీమీటర్ల లెక్కన కొలిచే యంత్రాలు వచ్చాక ఇంక తప్పులేముంటాయని కొందరంటున్నారు. ఆ మాట నమ్మి ఇంట్లో కూర్చోకండి. డ్రోనుకు పైకప్పు కనిపిస్తుంది, గోడ కనిపించదు. మన డాబాలకు సన్‌షేడు రెండడుగులు ముందుకు ఉంటుంది. పెంకుటింటి చూరు ఇంకా కిందికి దిగి ఉంటుంది. రెండిళ్ళ చూర్లు సందు మీద కలిసిపోతే పైనుంచి చూసే కంటికి అక్కడ సందే లేదు. వేపచెట్టు కింద ఉన్న ప్రహరీ ఆకుల్లో దాగిపోతుంది. ఉమ్మడి గోడ అయితే హద్దు గోడకు మధ్యలోనా, ఈవలా, ఆవలా అన్నది ఏ కెమెరాకూ తెలియదు. అది కట్టించినవాళ్ళకు, పక్కింటివాళ్ళకు తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో డ్రోన్లు వాడారు, శాశ్వత జీపీఎస్ కేంద్రాలు నెలకొల్పారు, నేల మీద కొలిచే రోవర్లు తెచ్చారు. అయినా విస్తీర్ణం తగ్గిందని, పేర్లు మారాయని, అన్నదమ్ముల భూములన్నీ కలిపి ఒకే ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు ఇచ్చారని ఊరూరా అర్జీలు వచ్చాయి. యంత్రం తాను చూసినదాన్ని సరిగ్గానే కొలిచింది. ఎవరి హద్దు ఎక్కడో పక్కన నిలబడి చూపించాల్సిన రైతు అన్నిచోట్లా అక్కడ లేడు.

పట్నంలో ఆ ఇబ్బంది ఇంకా ఎక్కువ. పగలు సర్వేయరు వచ్చే వేళకు ఇంటివాళ్ళు ఉద్యోగాల్లో ఉంటారు. అద్దెకున్నవాళ్ళు తలుపు తీస్తారు, వాళ్ళకు హద్దులు తెలియవు. ఎన్నో ఇళ్ళకు తాళాలు, సొంతదారులు డల్లాస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. అధికారులు చేయగలిగింది చాలా ఉంది. నోటీసు తెలుగులో, ఇంగితజ్ఞానం ఉన్నవాడికి అర్థమయ్యేలా రాయాలి. గెజిటుతో సరిపెట్టకుండా వీధి మొగలో అంటించాలి. ఆస్తిపన్ను బిల్లుకు నమోదైన ఫోను నంబరు ఎలాగూ ఉంది కదా, దానికి తేదీ పంపాలి. ఆదివారాలు కొలవాలి. ముసాయిదా పటాన్ని వార్డు కార్యాలయంలో గోడకు పెట్టి, దాని పక్కన చదివి చెప్పగల మనిషిని కూర్చోబెట్టాలి. దిద్దిన ప్రతి గీత కిందా పాత గీత కనిపించేలా ఉంచాలి. పాత పద్ధతిలో మార్పును ఎర్రసిరాతో గీసేవారు, ఎవరు ఎప్పుడు ఎందుకు మార్చారో తెలిసేది. కంప్యూటరులో పాతది చెరిపి కొత్తది పెడితే రేపు ఆ పెన్సిలు అంకెల లాంటి ఆధారం ఎవరికీ మిగలదు.

మీ వంతు పని కూడా ఉంది. విదేశాల్లో ఉన్నవాళ్ళు ఇక్కడ నమ్మకమైన ఒకరికి రాతపూర్వకంగా అధికారం ఇచ్చి పెట్టండి. సర్వేయరు వచ్చే రోజుకు మీ దస్తావేజులో చెక్కుబందీ రాసిన పేజీ తీసి ఉంచుకోండి. తూర్పు ఫలానావారి గోడ, దక్షిణం మున్సిపాలిటీ రాస్తా అని రాసి ఉంటుంది. ఆ ఫలానావారు ఇప్పుడు లేకపోవచ్చు, ఆ ఇల్లు ఇప్పుడు ఎవరిదో కనుక్కుని పెట్టుకోండి. విస్తీర్ణానికీ చెక్కుబందీకీ పొంతన కుదరనప్పుడు కోర్టులు మామూలుగా చెక్కుబందీకే ఎక్కువ విలువిస్తాయి. సెంటుకు 48.4 గజాలు, గుంటకు 121 గజాలు. అమ్మకాల్లో 48 అని, 120 అని రౌండు చేసి రాయడం మనవాళ్ళకు అలవాటు, ఆ మేరకు తేడా వస్తే కంగారు పడకండి. కొలిచేటప్పుడు పక్కింటివాళ్ళను కూడా పిలవండి. ఇద్దరూ ఒప్పుకున్న హద్దు ఆ రోజే రాయించేస్తే రేపు మీ పిల్లలు వాళ్ళ పిల్లలతో కోర్టు మెట్లెక్కక్కర్లేదు.

ముసాయిదా పటం బయటికొచ్చిన రోజున వెళ్ళి మీ ఇంటి చుట్టూ ఉన్న గీతలన్నీ చూడండి. మీ నంబరుతో పాటు ముందున్న వీధి, పక్కనున్న సందు, వెనకున్న కాలవ కూడా పటంలో ఉన్నాయో లేదో చూడండి. ఏది తప్పనిపించినా నోటిమాటగా చెప్పి వచ్చేయకండి. కాగితం మీద రాసి ఇవ్వండి, నకలు మీద ముద్ర, సంతకం, తేదీ వేయించుకోండి. ఆ నకలును దస్తావేజులున్న బీరువాలోనే, వాటితో కలిపి పెట్టండి.